ఐదో తరగతి పాపకి కిటుకులన్నీ వచ్చు, లెక్క రాదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

నల్గొండ_నాన్న (ప్రశ్న)

మా పాప ఐదో తరగతి. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయించాలని మా ఇంట్లో అందరి కోరిక. అందులో అంకగణితానికి 20 ప్రశ్నలు, 30 నిమిషాలు. అంటే లెక్కకి నిమిషంన్నర. అంత వేగం రావాలంటే షార్ట్‌కట్లే దారి అనుకుని ఇన్నాళ్లూ ఫోన్లో అవే చూపించాను. 11తో గుణకారం, 5తో ముగిసే సంఖ్యకి వర్గం, భిన్నాల కూడికకి సీతాకోకచిలుక పద్ధతి (ఒకదాని పై అంకెని రెండోదాని కింది అంకెతో రెక్కల్లా అడ్డంగా గుణించి, రెండూ కూడి పైన రాయడం, కింది అంకెల్ని గుణించి కింద రాయడం)... ఏది అడిగినా గడగడా అప్పజెప్తుంది.

నోట్‌బుక్ తీసి చూస్తే మాత్రం ఇలా ఉంది. 4012 ÷ 4 = 13. 78 × 11 = 7158. 1/2 + 1/3 + 1/6 = 3/11. 36 వర్గం 1236. మాటల్లో ఇచ్చిన లెక్కయితే చదవడం పూర్తికాకుండానే "కూడాలా, తీసెయ్యాలా నాన్నా?" అని అడుగుతుంది. ఎందుకలా వస్తుందో చెప్పబోతే "ఎందుకో వద్దు, తొందరగా వచ్చేది చెప్పు" అంటుంది.

పరీక్షకి ఇంకా ఆరు నెలలుంది. మళ్లీ మొదట్నుంచి చేయించాలంటే ఏ వరుసలో చేయించాలి? ఇంట్లో దొరికే వస్తువులతో ఎలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

బడిపంతులు

మీరు రాసిన తప్పుల్లో మూడు ఒక్క చోటికే వస్తాయండీ. భాగహారం, 11 కిటుకు, వర్గం: మూడింట్లోనూ అంకె ఏ స్థానంలో ఉంటే ఎంత అన్నది పాపకి గాల్లో ఉంది. భిన్నాలది వేరే సంగతి. ఈ రెంటినీ కాగితం మీద కాకుండా ముందు చేత్తో చేయించాలి.

భాగహారం సంగతి చూడండి. 13 ఎలా వచ్చిందంటే, "నాలుగులో నాలుగు ఒకసారి పోతుంది, సున్నాలో పోదు, ఒకటిలో పోదు, పన్నెండులో మూడుసార్లు పోతుంది." మంత్రం సరిగ్గానే చదివింది. "పోదు" అన్న రెండు చోట్లా భాగఫలంలో ఏమీ పెట్టలేదు. అక్కడ సున్నా పెట్టమని చెప్తే రేపు పెడుతుంది, నెల తర్వాత మర్చిపోతుంది. ఎందుకు పెట్టాలో కళ్లతో చూస్తే మర్చిపోదు.

నాలుగు రంగుల కాగితాలు తీసుకుని చిన్న చీటీలు కత్తిరించండి. ఒక రంగు మీద 1000, ఇంకోదాని మీద 100, తర్వాత 10, 1. వేలవి ఓ పది, మిగతావి రంగుకి ఇరవై చొప్పున చాలు. నాలుగు పళ్లేలు వరసగా పెట్టండి. పాప చేతికి నాలుగు వేల చీటీలు, ఒక పది చీటీ, రెండు ఒకట్ల చీటీలు ఇచ్చి సమానంగా పంచమనండి. పళ్లేనికో వెయ్యి పడుతుంది. వందల చీటీలు లేవు, కాబట్టి పళ్లెంలో వందలు సున్నా. ఆ మాట పైకి అనాలి, అంటూ భాగఫలంలో వందల చోట 0 రాయాలి. పది చీటీ ఒక్కటే ఉంది, నలుగురికి రాదు. పదుల చోట ఇంకో 0. ఆ పదిని పది ఒకట్లుగా మార్చుకుంటే చేతిలో 12 ఒకట్లు, తలా మూడు. ఇప్పుడు ఏదో ఒక పళ్లెం చూపించి అందులో ఎంతుందో చదవమనండి. వెయ్యిన్ని మూడు.

రెండో రోజు 735 ÷ 6 ఇవ్వండి, ఆరు పళ్లేలతో. ఏడు వందల్లో తలా ఒకటి పోగా ఒక వంద మిగులుతుంది. దాన్ని పది పదులుగా మారిస్తే 13 పదులు, తలా రెండు, ఒక పది మిగులు. అది మారిస్తే 15 ఒకట్లు, తలా రెండు, మిగిలింది 3. భాగఫలం 122, శేషం 3. పుస్తకంలో "పక్క అంకె దించు" అంటారే, ఆ దించడం అంటే ఈ చిల్లర మార్చడమేనని అప్పుడు పాపకి తెలుస్తుంది. ఇలాంటివి రోజుకి మూడు చొప్పున వారం చేయించండి. తర్వాతి వారం చీటీలు పక్కన పెట్టి, నోటితో "చిల్లర మారుస్తున్నా" అని చెప్పుకుంటూ కాగితం మీద చేయించండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. రెండు రోజులు చీటీలు ఆడించి "అర్థమైందిగా" అని తీసేస్తారు. పాప చీటీలు తీసుకోకుండానే చెప్పేస్తూ, అవి అడ్డంగా ఉన్నాయని విసుక్కునే దాకా ఉంచండి.

ఇక భిన్నాలు. చార్టు కాగితంలో 24 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు పట్టీలు ఏడు కత్తిరించండి. 24 ఎందుకంటే దాన్ని 2, 3, 4, 6, 8, 12తో సరిగ్గా భాగించొచ్చు. ఒక పట్టీ మొత్తంగా వదిలేయండి. మిగతా ఆరింటి మీద స్కేలుతో గీతలు పెట్టించండి: సగాలకి 12 సెం.మీ., మూడో వంతులకి 8, పావులకి 6, ఆరో వంతులకి 4, ఎనిమిదో వంతులకి 3, పన్నెండో వంతులకి 2. మడతపెట్టి చేస్తే మూడో వంతులు సరిగ్గా రావు, కాబట్టి స్కేలే వాడండి. గీతలు పాపే గియ్యాలి.

ఇప్పుడు 1/2 + 1/3 + 1/6 అడగండి. 12 సెం.మీ. ముక్క, దాని పక్కన 8, దాని పక్కన 4. మొత్తం పట్టీ నిండిపోతుంది, అంటే జవాబు 1. దాని పక్కన తను రాసిన 3/11 పెట్టి, సగం ఒక్కటే అంతకంటే పెద్దది కదా అని అడగండి. పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కూడితే ఏమవుతుందో ఇక మీరు చెప్పక్కర్లేదు.

సీతాకోకచిలుక పద్ధతి తప్పు కాదు. 3/4 + 1/6 కి అది 22/24 ఇస్తుంది, సరైనదే. పట్టీల మీద కూడా 18 సెం.మీ. + 4 సెం.మీ. = 22 సెం.మీ., మొత్తం 24లో. పన్నెండో వంతుల పట్టీ కింద పెడితే 11 గళ్లు, అంటే 11/12. చిక్కల్లా ఏమిటంటే ఆ పద్ధతి రెండు భిన్నాలకే గీసిన బొమ్మ. మూడోది రాగానే పిల్లలు ఏదో ఒకటి రాసేస్తారు. గుణకారంలో కూడా అదే బొమ్మ గీస్తారు. "3/4లో ఆరో వంతు" అని అడిగి చూడండి. పట్టీ మీద 18 సెం.మీ.లో ఆరో వంతు 3 సెం.మీ., అది ఎనిమిదో వంతు ముక్క. కాబట్టి 3/4 × 1/6 = 1/8. గుణిస్తే చిన్నదైపోయిందేమిటని పాప ఆశ్చర్యపోతే మంచిదే, ఆ ఆశ్చర్యం మీద ఓ రోజంతా గడిపినా నష్టం లేదు.

---

అమ్మమ్మ_పలక

పంతులుగారు చెప్పినదానికి ఒక చిన్న మాట కలుపుతాను. లెక్క చేసేటప్పుడు సంఖ్యని తెలుగులో పైకి చదివించండి. పాపది ఇంగ్లీషు మీడియమైనా సరే. 4012ని "ఫోర్, జీరో, వన్, టూ" అని అంకెలుగా చదివితే 13 వచ్చినా అనుమానం రాదు. "నాలుగు వేల పన్నెండు" అంటే నలుగురికి పంచగానే తలా వెయ్యి, పన్నెండులో తలా మూడు అని నోట్లోనే లెక్క తేలిపోతుంది.

ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ వినడానికి దగ్గర దగ్గరగా ఉంటాయి, పైగా థర్టీన్‌లో మూడు ముందొస్తుంది. పదమూడులో పది ముందే వినిపిస్తుంది, తర్వాత మూడు. ముప్పైతో కలవదు.

భిన్నాలకి కూడా వంటింట్లో మాటలున్నాయి. పావుకిలో, అరకిలో, ముప్పావుకిలో. "పావుకిలో కందిపప్పు, అరకిలో పెసరపప్పు కలిపితే ఎంత?" అంటే ఏ పద్ధతీ లేకుండానే ముప్పావు అంటుంది. అన్నాక 1/4 + 1/2 = 3/4 అని రాయించండి. మాట ముందు, గుర్తు తర్వాత.

---

లెక్కల_టీచర్

ఎక్కాల గురించి ఎవరూ ఎత్తలేదు. అర్థం ముఖ్యం, బట్టీ వద్దు అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. ఎక్కాల విషయంలో ఆ మాట సరికాదు. 7 × 8 కోసం ఆలోచిస్తూ కూర్చునే పిల్లకి భాగహారంలో తర్వాతి మెట్టు ఏమిటో గుర్తుండదు. ఎక్కాలు నోటికి రావాల్సిందే. కాకపోతే పాటలా వస్తే చాలదు. 7 × 8 అడిగితే "ఏడొకట్ల ఏడు" దగ్గర్నుంచి ఎత్తుకునే పిల్లకి పాట వచ్చు, ఎక్కం రాదు.

పని అనుకున్నంత పెద్దది కాదు. 1 నుంచి 10 దాకా ఎక్కాల్లో గుణకారాలు 100. 7 × 8, 8 × 7 ఒకటే కదా, అలా జతలు కలిపేస్తే 55. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు ఐదో తరగతి పిల్లలకి దాదాపు వచ్చే ఉంటాయి. అవి తీసేస్తే మిగిలేవి 3, 4, 6, 7, 8, 9 మధ్య గుణకారాలు, సరిగ్గా 21. తొమ్మిదో ఎక్కాన్ని "పది రెట్లలోంచి ఒక రెట్టు తియ్యి" అని పట్టుకుంటే (9 × 7 అంటే 70 − 7) ఇంకా ఆరు తగ్గి 15 మిగులుతాయి.

ఆ 21కీ అట్టముక్కలు చెయ్యండి. ముందువైపు 7 × 8, వెనక 56. రోజుకి మూడు కొత్తవి, అంతకుముందువి అన్నీ. పాప తీసిన ప్రతి ముక్కా మూడు కుప్పల్లో ఒకదాంట్లో పడాలి: వెంటనే చెప్పింది, ఆలోచించి చెప్పింది, చెప్పలేదు. మూడో కుప్పలోది రాకపోతే జవాబు చెప్పెయ్యకుండా వచ్చినదాంట్లోంచి కట్టించండి. 7 × 8 రాలేదు, 7 × 4 వచ్చు, అది 28, రెండు 28లు 56. మొదటి కుప్పలోవి మూడు రోజులకోసారి, ఆ తర్వాత వారానికోసారి తిప్పితే చాలు. రోజూ అన్నీ తిప్పితే విసుగు తప్ప లాభం లేదు. పది నిమిషాలు దాటనివ్వొద్దు.

---

గుంటూరు_ఘాటు

"కూడాలా, తీసెయ్యాలా?" అన్న ప్రశ్న గురించి. ఇది కూడా షార్ట్‌కట్ చేసిన పనే. "మొత్తం అంటే కూడిక, మిగిలినవి అంటే తీసివేత, ఎక్కువ అంటే కూడిక" అని మాటల పట్టిక ఒకటి పిల్లలకి నేర్పుతారు. రెండు లెక్కలిచ్చి చూడండి.

ఒకటి. రాము దగ్గర కొన్ని గోళీలున్నాయి. 8 తమ్ముడికి ఇచ్చాక 15 మిగిలాయి. మొదట ఎన్ని? పట్టిక ప్రకారం "మిగిలాయి" అని ఉంది కాబట్టి 15 − 8 = 7 అంటుంది. జవాబు 23.

రెండు. సీత దగ్గర 12 పెన్సిళ్లున్నాయి. గీత దగ్గరున్నవాటికంటే అవి 5 ఎక్కువ. గీత దగ్గర ఎన్ని? "ఎక్కువ" కనిపించగానే 17 అంటుంది. జవాబు 7.

మందు ఏమిటంటే, అంకెల్ని వేళ్లతో మూసేసి లెక్క చదివించడం. అంకెలు లేకుండా కథ తన మాటల్లో చెప్పమనండి: "రాము దగ్గర గోళీలున్నాయి, కొన్ని ఇచ్చాడు, కొన్ని మిగిలాయి, మొదట ఎన్నో అడిగారు." తర్వాత ఒక పొడుగాటి పట్టీ బొమ్మ గీసి, అందులో ఇచ్చినవి ఒక ముక్క, మిగిలినవి ఒక ముక్క పెట్టించండి. అడిగింది ఏ ముక్కో అక్కడ ప్రశ్నార్థకం. ఈ లెక్కలో ప్రశ్నార్థకం మొత్తం పట్టీ మీద పడుతుంది, అంటే కూడాలని బొమ్మే చెప్పేస్తుంది. అంకెలు వేసేది అప్పుడు. చివర్లో వచ్చిన జవాబుని కథలో పెట్టి మళ్లీ చదవాలి: "23 ఉన్నాయి, 8 ఇచ్చాడు, 15 మిగిలాయి." కథ కుదిరితే లెక్క కుదిరినట్టే.

ఇంకొక అభ్యాసం, నా ఉద్దేశంలో దీన్ని మించింది లేదు. ఒకే భాగహారానికి మూడు కథలు. 23 మంది పిల్లలు, ఆటోకి ఐదుగురు, ఎన్ని ఆటోలు కావాలి? ఐదు, ఎందుకంటే మిగిలిన ముగ్గుర్నీ రోడ్డు మీద వదిలెయ్యలేం. 23 రూపాయలు, 5 రూపాయల బిస్కట్ పాకెట్లు ఎన్నొస్తాయి? నాలుగు. 23 మీటర్ల తాడు ఐదు సమాన ముక్కలు చేస్తే ముక్క ఎంత? 4.6 మీటర్లు. 23 ÷ 5 ఒక్కటే, జవాబులు మూడు. ఇలాంటి మూడేసి కథలు వారానికి రెండుసార్లు పాపనే కట్టమనండి. కట్టగలిగిన పిల్ల ఇక "కూడాలా, తీసెయ్యాలా" అని అడగదు.

---

నల్గొండ_నాన్న

అందరికీ చాలా థాంక్సండీ. నిన్న సాయంత్రమే చీటీలు, పట్టీలు తయారుచేశాం. రెండు సందేహాలు. రెండు నిమిషాలు ఆలోచించగానే "రాదు, నువ్వే చెప్పు" అని పెన్సిల్ పడేస్తుంది. అప్పుడేం చెయ్యాలి? రెండోది, ఇలా నిదానంగా పోతే పరీక్షలో నిమిషంన్నర సంగతేంటి?

---

బడిపంతులు

పెన్సిల్ పడేస్తే మీరు తీసుకోకండి. మీ చేతిలోకి పెన్సిల్ వచ్చిన మరుక్షణం అది మీ లెక్క అవుతుంది. మరీ అవసరమైతే వేరే కాగితం మీద వేరే లెక్క చేసి చూపించండి, దీన్ని మాత్రం తనకే వదలండి.

గడియారం చూసి మూడు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పక్కన కూర్చున్న పెద్దవాళ్లకి అది చాలా ఎక్కువ సేపనిపిస్తుంది, సాధారణంగా నోరు జారేది మనమే. మూడు నిమిషాలయ్యాక ఒక్కో మెట్టే సాయం. "ఏం అడిగారు?" అని అడగండి. అది చెప్పగలిగితే "బొమ్మ గియ్యి" అనండి. అదీ కుదరకపోతే అంకెలు చిన్నవి చెయ్యండి: 4012 ÷ 4 బదులు 12 ÷ 4, తర్వాత 412 ÷ 4, అది 103 అని తేలాక మళ్లీ 4012. ఏ మెట్టు దగ్గర కదిలిందో అక్కడే ఆగిపోండి. ఏదీ పనిచేయకపోతే ఆ లెక్కకి గుర్తు పెట్టి రేపటికి వదిలెయ్యండి. లెక్క రేపటికి మిగలడం ఓటమి కాదని మీరు మామూలుగా, నొసలు చిట్లించకుండా చెప్పాలి. తెల్లారి అదే లెక్కని పాప తనంతట తనే చేసెయ్యడం తరచుగా జరిగేదే.

రబ్బరు దాచేయండి. తప్పు మీద ఒక్క అడ్డగీత, పక్కన సరైనది. నోట్‌బుక్ కుడి పేజీలో లెక్క, ఎడమ పేజీలో "ఎక్కడ తప్పాను" అని ఒక్క వాక్యం: "పదులు లేనప్పుడు సున్నా పెట్టలేదు." అదే రకం లెక్క మూడో రోజున ఒకటి, పదో రోజున ఒకటి మళ్లీ ఇవ్వండి. చెరిపేసిన తప్పు రేపు మళ్లీ వచ్చినా మీకు తెలియదు.

రోజుకి అరగంట చాలు. ఎక్కాల ముక్కలు 10 నిమిషాలు, ఒకే అంశం మీద మూడు లెక్కలు 15 నిమిషాలు, పాత తప్పుల్లోంచి ఒకటి 5 నిమిషాలు. పది లెక్కలు పరుగున చేయించడం కంటే మూడు లెక్కలు చేసి ఒక్కోటీ ఎందుకలా వచ్చిందో చెప్పించడం మేలు. మొదటి రెండు మూడు వారాలు పాప వేగం కచ్చితంగా తగ్గుతుంది, బడి పరీక్షలో మార్కులు కూడా తగ్గొచ్చు. పెద్దవాళ్లు బెదిరిపోయి మళ్లీ వీడియోలు తెరిచేది అక్కడే. దయచేసి అక్కడ ఓపిక పట్టండి.

ఇక నిమిషంన్నర సంగతి. మొదటి రెండు నెలలు గడియారం పెట్టొద్దు. మూడు, నాలుగు నెలల్లో అన్ని అంశాలూ కలిపిన పది లెక్కల కట్ట ఇచ్చి, ఎంతసేపు పట్టిందో రాసిపెట్టండి, గడువు మాత్రం వద్దు. కలిపి ఇవ్వడం ముఖ్యం. భిన్నాల పేజీలో అన్నీ భిన్నాలే ఉంటే ఏ పద్ధతో ఎంచుకోవాల్సిన పని ఉండదు. పరీక్షలో సగం పని ఆ ఎంచుకోవడమే. చివరి రెండు నెలలు 20 లెక్కలు, 30 నిమిషాలు.

పరీక్షలో నాలుగేసి జవాబులిస్తారు కాబట్టి అంచనా కట్టడం బాగా పనికొస్తుంది. 4012 ÷ 4 కి ఎదురుగా 13, 103, 1003, 1030 ఉన్నాయనుకోండి. 4000ని నాలుగు చేస్తే 1000, కాబట్టి జవాబు వెయ్యి దాటి కాస్తంతే. 13, 103 చూడక్కర్లేదు. మిగిలిన రెంటిలో 1030 × 4 అంటే 4120, అదీ పోయింది. పది సెకన్ల పని, కిటుకేమీ లేదు. తప్పు జవాబుకి మార్కులు కోయరు కాబట్టి చివరికి ఏ గడీ ఖాళీగా వదలొద్దని మాత్రం చెప్పండి. లెక్కకి 1.25 మార్కులు.

---

గళ్ళ_కాగితం

ఒక విన్నపం. ఇంత చదివాక పాప నేర్చుకున్న కిటుకులన్నీ నిషేధించేస్తారేమో, అది చెయ్యకండి. అవి తనకి ఇష్టమైనవి. ఆ ఇష్టాన్నే పట్టుకుని "ఇది ఎందుకు పనిచేస్తుందో కనిపెడదాం" అనండి. ఓపిక అక్కడ అలవడినంత తేలిగ్గా ఇంకెక్కడా అలవడదు.

11 కిటుకు తీసుకోండి. 23 × 11 అంటే 2, 3 మధ్య 5 పెట్టి 253. 78 దగ్గర 7, 8 మధ్య 15 పెట్టేసింది, అందుకే 7158. 78 × 11 అంటే 78 పదులు, ఇంకో 78. 780 కింద 78 రాయించి కూడించండి. పదుల చోట 8 + 7 = 15 పదులు, అందులో పది పదులు ఒక వంద అయి పక్కకెళ్తాయి. 858. మధ్యలో ఎందుకు కూడతామో, ఎప్పుడు పక్కకెళ్తుందో రెండూ ఆ ఒక్క కూడికలోనే కనిపిస్తాయి. తర్వాత 352 × 11 ఇచ్చి, మూడంకెల సంఖ్యకి కిటుకు ఎలా ఉండాలో తననే తయారుచెయ్యమనండి. 3520 + 352 = 3872. మొదటి అంకె 3, చివరి అంకె 2, మధ్యలో 3 + 5, 5 + 2. ఇది తనే పట్టుకుంటే ఇంట్లో పండగే.

35 వర్గం: 3 × 4 = 12, పక్కన 25, జవాబు 1225. దీనికి మిల్లీమీటర్ గళ్ళ గ్రాఫు కాగితం కావాలి. 35 గళ్ళ చదరం కత్తిరించండి. అందులో 30 × 30 చదరం ఒకటి, 30 × 5 పట్టీలు రెండు, మూలన 5 × 5 చిన్న చదరం ఒకటి గీయించి నాలుగు ముక్కలు చెయ్యండి. రెండు పట్టీల్నీ పక్కపక్కన చేరిస్తే 30 × 10. దాన్ని పెద్ద చదరానికి ఆనించండి, 30 × 40 దీర్ఘచతురస్రం అవుతుంది: 1200. మిగిలింది మూలన 25. కిటుకులో 3 × 4 అన్నది ఈ 30 × 40యే. ఇప్పుడు 36తో ఇదే చేయించండి. పట్టీలు 30 × 6వి రెండు, చేరిస్తే 30 × 12. మొత్తం 30 × 42 = 1260, మూలన 36. జవాబు 1296. తను రాసిన 1236 కీ దీనికీ తేడా 60. ఆ 60 గళ్లు ఎక్కడున్నాయో కాగితం మీద వేలు పెట్టి చూపించమనండి. 30 × 40 పక్కనున్న 30 × 2 ముక్క అది.

ఇంకో రెండు మాత్రం కనిపెట్టి ఉండండి, ఐదో తరగతి చివర్లో ఇవి దెబ్బకొడతాయి. "పదితో గుణిస్తే సున్నా చేర్చు" అన్నది దశాంశాల్లో పనిచేయదు: 2.5 × 10 కి 2.50 అని రాస్తారు. పదితో గుణిస్తే ప్రతి అంకే ఒక స్థానం ఎడమకి జరుగుతుంది, అందుకే 25. రెండోది బాడ్‌మాస్ (BODMAS), అంటే లెక్కలో ఏ పని ముందు చెయ్యాలో గుర్తుకి పెట్టుకునే ఇంగ్లీషు అక్షరాలు. అక్షరాల వరస చూసి 10 − 4 + 3 లో ముందు 4 + 3 కూడేసి 3 అంటారు. కూడిక, తీసివేత రెండూ ఒకే మెట్టు, ఎడమ నుంచి కుడికి చెయ్యాలి, జవాబు 9. గుణకారం, భాగహారం కూడా అంతే.

---

నల్గొండ_నాన్న

పట్టీలతో 1/3 + 1/8 చేసింది. 8, 3 కలిపి 11 సెం.మీ., 11/24 అని తనే రాసింది. ఆ తర్వాత "1/4 + 1/5 చేద్దామంటే ఐదో వంతు పట్టీ లేదు, 24లో ఐదు పోవట్లేదు" అంది. 4.8 సెం.మీ. దగ్గర గీత పెట్టించాలా?

---

బడిపంతులు

వద్దండీ, 4.8 వద్దు. ఇంత మంచి ప్రశ్న వేసింది కాబట్టి దీన్ని తనకే ఇచ్చెయ్యండి. పావులు, ఐదో వంతులు రెండూ పూర్తి సెంటీమీటర్లలో రావాలంటే పట్టీ ఎంత పొడవుండాలో వెతకమనండి. పొడవు మీరు చెప్పకండి. 24 నుంచి మొదలెట్టి 25 చూస్తుంది, పావులు కుదరవు. 28 చూస్తుంది, ఐదో వంతులు కుదరవు. 30కీ పావుల దగ్గర 7.5 వస్తుంది. ఒక పూట పట్టినా పట్టనివ్వండి. కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) అన్న మాట ఇప్పుడే ఎత్తొద్దు, వెతుకుతున్నది దాన్నే అయినా సరే. 20 పట్టుకుంటుంది. 40 అన్నా తప్పు కాదు, పట్టీ పొడుగవుతుంది అంతే, ఇంకా చిన్నది ఉందేమో చూడమనండి. 20 సెం.మీ. పట్టీ మీద 5, 4 కలిపి 9 సెం.మీ. వచ్చాక 9/20 ని నోట్‌బుక్‌లో రాయించి, ఎడమ పేజీలో ఆ పొడవు ఎలా దొరికిందో తన మాటల్లోనే రాయమనండి.